రాతి పాత్రలు (ప్రాచీన యూదుల)

క్రీ.పూ. 1వ శతాబ్దం చివరి నుంచి యెరూషలేము, యూదయ, గలిలయ ప్రాంతాల యూదులు మెత్తని సుద్దరాయితో చేయించుకున్న ఇంటి సామాను. లేవీయకాండం 11వ అధ్యాయం ప్రకారం మైలపడిన మట్టికుండను పగలగొట్టాల్సిందే. రాతికి మాత్రం మైల అంటదని రబ్బీల ధర్మసంకలనం మిష్నా చెబుతుంది. ఎంత బరువైనా వీటికి గిరాకీ అందుకే. పిడి ఉన్న చిన్న కప్పులను ఉలితో చెక్కేవారు. వాటి వెలుపలి వైపు నిలువు ఉలిగాట్లు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. పెద్ద బానలను తరిమెన పట్టేవారు. గలిలయలోని రెయినాలో 2017లో తవ్విన గుహలో సగం చెక్కిన కప్పులు, పాత్రల లోపలి నుంచి తొలిచి తీసిన రాతిముక్కలు బయటపడ్డాయి. యోహాను సువార్తలోని కానా పెళ్లింటి ఆరు రాతిబానలు ఈ కోవకే చెందుతాయి. వీటిని పూజారుల సొత్తుగా మాత్రమే చూడటం సరికాదు: మామూలు పల్లె ఇళ్లలోనూ దొరికాయి. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక కూడా వాడకం ఆగలేదు. రోమన్లపై యూదులు చేసిన బార్ కోఖ్బా తిరుగుబాటు (132–135) నాటి స్థలాల్లోనూ ఇవి కనిపిస్తాయి.