యువ పశుప్రదర్శనల్లో జంతువుల నమోదు, గుర్తింపు (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో పిల్లలు తాము సాకిన పశువును కౌంటీ, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనల్లో పోటీకి దించాలంటే గడువులోగా దాన్ని తమ పేరున నమోదు చేయించి, చెరగని గుర్తు వేయించాలి. ఆవులు, గొర్రెలు, మేకలు, పందులు అన్నిటికీ ఈ నియమం ఉంది. ఫోర్-హెచ్, ఎఫ్‌ఎఫ్‌ఏ అనే రెండు యువజన సంస్థల సభ్యులు ఈ పోటీల్లో ప్రధానంగా పాల్గొంటారు. బరిలోకి వచ్చిన పశువు నమోదునాడు చూపించినదేనా, అప్పటినుంచి ఆ పిల్లవాడి దగ్గరే పెరిగిందా అన్నది తేల్చడం ఈ ఏర్పాటు ముఖ్యోద్దేశం. పశువు నాణ్యతను న్యాయనిర్ణేత చూస్తాడు. ఆ పశువు వెనుక పిల్లవాడి నెలల శ్రమ ఉందని చెప్పేది మాత్రం నమోదు పత్రమే.

నేపథ్యం

అమెరికాలో వ్యవసాయ ప్రదర్శనల చరిత్ర ఎల్కానా వాట్సన్‌తో మొదలవుతుందని చెబుతారు. ఆయన 1807లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ ఊరి మధ్య రెండు మెరీనో గొర్రెలను కట్టి జనానికి చూపించాడు. కొద్ది ఏళ్లలోనే అక్కడ బర్క్‌షైర్ వ్యవసాయ సంఘం ఏర్పడి ఏటేటా ప్రదర్శనలు పెట్టసాగింది. అప్పట్లో పశువు ఎవరిదన్న సందేహం రావడం అరుదు. చుట్టుపక్కల రైతులంతా ఒకరి పశువులను ఒకరు ఎరిగినవారే.

రైలు మార్గాలు పడి పశువులు వందల మైళ్లు ప్రయాణించడం మొదలయ్యాక ఆ పరిచయం చాలలేదు. 1896లో ఫోర్ట్ వర్త్‌లో, 1899లో కన్సాస్ సిటీలో, 1900లో షికాగోలో, 1906లో డెన్వర్‌లో పెద్ద ప్రదర్శనలు మొదలయ్యాయి. ఇవి పశువుల మార్కెట్లకు, మాంసం పరిశ్రమకు నెలవైన నగరాలు. ఇక్కడ దక్కిన బహుమతి పశువు ధరను అమాంతం పెంచేది.

మంద పుస్తకాలు

మేలుజాతి పశువుల వంశావళిని రాసి ఉంచే మంద పుస్తకాలు అంతకుముందే వచ్చాయి. షార్ట్‌హార్న్ జాతికి ఇంగ్లండులో 1822లోనూ, అమెరికాలో 1846లోనూ ఇలాంటి పుస్తకం వెలువడింది. అమెరికాలో పందుల్లో బర్క్‌షైర్ జాతి సంఘం 1875లో, ఆవుల్లో హియర్‌ఫోర్డ్ సంఘం 1881లో, ఆంగస్ సంఘం 1883లో ఏర్పడ్డాయి.

పుస్తకంలోని పేరును ఎదుట నిలబడ్డ పశువుతో జతచేయాలంటే ఒంటిమీద గుర్తు ఉండి తీరాలి. అందుకు పలు జాతి సంఘాలు చెవి లోపలి పచ్చబొట్టును ఎంచుకున్నాయి. సూదుల అచ్చుతో చెవి లోపల అంకెలు గుచ్చి సిరా రుద్దుతారు. నల్ల చెవిలో ఆ అంకెలు మామూలు వెలుతురులో ఆనవు. చెవి వెనుక టార్చిలైటు పెట్టి, లోపలివైపు నుంచి చదవాలి. నేటికీ జాతి పెయ్యల పోటీల్లో తనిఖీ ఇలాగే సాగుతుంది. పచ్చబొట్టు అంకె రిజిస్ట్రేషన్ కాగితంలోని అంకెతో సరిపోవాలి. కాగితం మీద యజమానిగా పిల్లవాడి పేరు గడువు తేదీకి ముందే ఎక్కి ఉండాలి.

పిల్లల క్లబ్బులు

ఒహాయో రాష్ట్రం క్లార్క్ కౌంటీలో పాఠశాలల పర్యవేక్షకుడు ఎ. బి. గ్రాహం 1902లో పెట్టిన బాలల వ్యవసాయ క్లబ్బును ఫోర్-హెచ్‌కు తొలి రూపంగా గుర్తిస్తారు. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో వ్యవసాయ విస్తరణ సేవ ఏర్పడి, ఈ క్లబ్బులు దాని నీడకు చేరాయి. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం ఉన్నత పాఠశాలల్లో వ్యవసాయ విద్యకు డబ్బు సమకూర్చింది. ఆ తరగతుల విద్యార్థులకోసం 1928లో కన్సాస్ సిటీలో ఎఫ్‌ఎఫ్‌ఏ పుట్టింది.

పిల్లవాడు ఒక పనిని సొంతంగా చేపట్టి, ఖర్చూ రాబడీ రాసుకుంటూ చివరిదాకా నడపాలన్నది ఈ రెండు సంస్థల పద్ధతి. దూడను కొనడం, మేపడం, తాడు పట్టుకుని నడవడం నేర్పడం, చివరకు ప్రదర్శనలో నిలబెట్టి అమ్మడం అందులో భాగాలు. ప్రదర్శనకు వారం ముందు తండ్రి సిద్ధంగా ఉన్న పశువును కొని కొడుకు చేతికి తాడు ఇస్తే ఈ చదువంతా ఉత్తిదైపోతుంది. అందుకే కనీసం ఇన్ని నెలలు పశువు సభ్యుడి సొంతమై, అతని సంరక్షణలో ఉండాలన్న గడువు నియమం వచ్చింది. గుర్తింపు పద్ధతులన్నీ ఈ నియమాన్ని అమలుచేయడానికి సాధనాలయ్యాయి.

గుర్తింపు పద్ధతులు

పందులకు వాడే చెవి గాట్ల లిపి గుర్తింపు పద్ధతులన్నిటిలో చవకైనది. పంది కుడిచెవి గాట్లు అది ఏ ఈతలో పుట్టిందో చెబుతాయి. ఎడమచెవి గాట్లు ఆ ఈతలో ఎన్నో పిల్లో చెబుతాయి. కుడిచెవి అంచు మీద ఒక్కొక్క చోటుకు 1, 3, 9, 27 అని విలువలు, కొసకు 81. ఎడమచెవికి 1, 3, 9 మాత్రమే. కొస మినహా ఏ చోటనైనా రెండు గాట్ల వరకు పెట్టవచ్చు. కుడిచెవిలో తొమ్మిది చోట ఒకటి, మూడు చోట రెండు గాట్లు ఉంటే అది 15వ ఈత. ఎడమచెవిలో మూడు చోట ఒకటి, ఒకటి చోట ఒకటి ఉంటే నాలుగో పిల్ల. ఆ పంది పేరు ఇక 15-4. ఈ లెక్కన 161 ఈతల వరకు గుర్తు పెట్టవచ్చు. పిల్ల పుట్టిన కొద్ది రోజుల్లోనే గాట్లు పెడతారు కాబట్టి తర్వాత వాటిని మార్చడం కష్టం.

ఆవులకు ముట్టె ముద్ర వచ్చింది. పశువు ముట్టె మీది గీతలు, గుబ్బలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవనీ, వాటితో పశువును గుర్తించవచ్చనీ మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యు. ఇ. పీటర్సన్ 1922లో పాడి విజ్ఞాన పత్రికలో ప్రకటించాడు. ముద్ర తీయడానికి యంత్రమేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. ముట్టె ఎప్పుడూ చెమరుస్తూ ఉంటుంది. తలను గట్టిగా కట్టి, గుడ్డతో తుడిచి, చెమ్మ మళ్లీ ఊరేలోపే సిరా అద్ది అట్టముక్క ఒత్తాలి. పశువు తల విదిలించినా, నాలుక చాచినా ముద్ర అలుక్కుపోతుంది. స్పష్టమైన ముద్ర పడేదాకా అట్టలు మారుస్తూనే ఉండాలి.

గొర్రెలు, మేకలకు చెవిపోగులే ఆధారం. మాంసపు గొర్రెల పోటీలో కొన్నిచోట్ల నోరు తెరిచి పళ్లు కూడా చూస్తారు. పాలపళ్లు ఊడి పెద్దపళ్లు వచ్చి ఉంటే ఆ జీవం లేతది కాదని తేలిపోతుంది. 2000 తర్వాత కొన్ని రాష్ట్రాల్లో కంటి రెటీనా రక్తనాళాల చిత్రం తీసి దాచే పద్ధతి కూడా వాడారు.

మోసాలు, డీఎన్‌ఏ

బహుమతి పశువుల వేలం ధరలు పెరిగేకొద్దీ మోసాలు బయటపడసాగాయి. 1972 డెన్వర్ నేషనల్ వెస్టర్న్ ప్రదర్శనలో అగ్రబహుమతి పొందిన ‘బిగ్ మ్యాక్’ అనే స్టీర్ (విత్తులు కొట్టిన కోడె) ఆంగస్‌గా బరిలోకి దిగింది. నిజానికి అది లేతరంగు షారొలే జాతి పశువు. ఒంటికి నల్లరంగు వేసి తెచ్చారు. బహుమతి రద్దయింది. జాతి పేరు, రంగు చూసి పశువును ఒప్పుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఉదంతం చాటింది.

1994 ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో విజేతలైన పశువులు కొన్నిటిలో కండ పెంచే నిషిద్ధ మందు క్లెన్‌బ్యుటరాల్, మరికొన్నిటిలో చర్మం కింద నూనె ఎక్కించిన ఆనవాళ్లు దొరికాయి. దరిమిలా ఒహాయో ప్రత్యేక చట్టం తెచ్చింది. పశువుకు వాడిన మందుల వివరం రాతపూర్వకంగా ఇవ్వడం తప్పనిసరి చేసింది. అప్పటినుంచి అక్కడ పశువు కాగితాలు ‘ఎవరి పశువు’ అనే ప్రశ్నతోపాటు ‘దానికేం తినిపించారు, ఏ సూది వేశారు’ అనే ప్రశ్నకూ జవాబు చెప్పవలసివచ్చింది.

డీఎన్‌ఏ పరీక్ష అందుబాటులోకి రావడంతో పశువుల మార్పిడి కష్టమైంది. నమోదునాడు కుదుళ్లతో సహా వెంట్రుకలు పీకి, పశువు సంఖ్య రాసిన కవరులో భద్రపరుస్తారు. కుదురు లేని వెంట్రుక ఇందుకు పనికిరాదు. అన్ని కవర్లనూ ప్రయోగశాలకు పంపరు, అంత ఖర్చు ఎవరూ భరించలేరు. పశువు గెలిచినప్పుడో, ఎవరైనా అభ్యంతరం చెప్పినప్పుడో దాని నుంచి కొత్త నమూనా తీసి పాతదానితో పోలుస్తారు. రెండూ కలవకపోతే బహుమతి, వేలం సొమ్ము రెండూ పోతాయి. 2022లో హ్యూస్టన్ ప్రదర్శనలో అగ్రబహుమతి స్టీర్ పది లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ స్థాయి సొమ్ము చేతులు మారేచోట వెంట్రుకల కవరు విలువ తేలిగ్గానే అర్థమవుతుంది.

నమోదు జరిగే తీరు

గడువు పశువు రకాన్నిబట్టి మారుతుంది. స్టీర్ ఎదగడానికి ఏడాది పైనే పడుతుంది, పంది ఆరు నెలల్లో అమ్మకానికి వస్తుంది. ఆగస్టులో జరిగే అయోవా రాష్ట్ర ప్రదర్శనకు మాంసపు స్టీర్లను ఫిబ్రవరి 1లోగా, మిగిలిన పశువులను మే 15లోగా నమోదు చేయాలి. టెక్సస్‌లో పెద్ద ప్రదర్శనలు చాలావరకు శీతకాలంలో, వసంతారంభంలో జరుగుతాయి. అక్కడ స్టీర్ల గుర్తింపు అంతకుముందు జూన్ నెలాఖరుకే ముగుస్తుంది. పందుల వంతు శరదృతువులో వస్తుంది.

టెక్సస్‌లో స్టీర్‌కు రాష్ట్రవ్యాప్త సంఖ్యతో చెవిపోగు వేస్తారు, ముట్టె ముద్ర, వెంట్రుకల నమూనా తీస్తారు. ఈ పని కౌంటీ విస్తరణ అధికారి, పాఠశాల వ్యవసాయ ఉపాధ్యాయుడు, ఎంపిక చేసిన సంఘసభ్యుల ఎదుట జరగాలి. కుటుంబం ఇంట్లో చేసుకుని తెస్తే చెల్లదు. చెవిపోగు ఊడిపోతే వెంటనే అధికారికి తెలియజేసి, పాత సంఖ్యకు లంకె పెడుతూ కొత్తది వేయించుకోవాలి. సభ్యుడి వయసు, సభ్యత్వం కూడా చూస్తారు. 2017 నుంచి పలు రాష్ట్రాలు పశు సంరక్షణ, ఆహార భద్రతలపై ‘వైక్యూసీఏ’ అనే శిక్షణ ధ్రువపత్రాన్నీ అడుగుతున్నాయి.

వ్యాధి నియంత్రణతో ముడి

పోటీకి వేసే గుర్తు, రోగాల అదుపునకు ప్రభుత్వం వేసే గుర్తు మొదట్లో వేర్వేరు. ఆవుల్లో ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లోసిస్‌పై 1934లో మొదలైన కార్యక్రమంతో లోహపు చెవిపోగులు వ్యాపించాయి. గొర్రెల మెదడును తినేసే స్క్రేపీ రోగం 1947లో అమెరికాలో కనబడింది. 2001లో దాని నిర్మూలన కార్యక్రమం ఊపందుకున్నాక ప్రదర్శనకు తెచ్చే గొర్రెలు, మేకలకు అధికారిక చెవిపోగు మామూలు నియమమైంది.

2003 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో పిచ్చి ఆవు రోగం బయటపడటంతో ప్రతి పశువునూ, ప్రతి దొడ్డినీ నమోదు చేసే జాతీయ పథకాన్ని ఫెడరల్ ప్రభుత్వం తలపెట్టింది. ఖర్చు, గోప్యత, కొందరికి మత విశ్వాసాలు అడ్డొచ్చి రైతులు తీవ్రంగా ఎదిరించారు. పిల్లల ప్రదర్శనలకు దొడ్డి నమోదును షరతుగా పెట్టడాన్ని పెద్దలను దొడ్డిదారిన ఒప్పించే ఎత్తుగా పలువురు తప్పుబట్టారు. 2010లో పథకాన్ని విరమించారు. దాని స్థానంలో రాష్ట్రాల మధ్య కదిలే పశువులకే వర్తించే నియమాలు 2013లో వచ్చాయి. 2024 నవంబరు 5 నుంచి వాటిలో మార్పు అమలైంది. ఆవులకు కొత్తగా వేసే అధికారిక చెవిపోగులు కంటితోనూ, ఎలక్ట్రానిక్ యంత్రంతోనూ చదవగలిగినవై ఉండాలి. రాష్ట్రం దాటి ప్రదర్శనకు వెళ్లే ఆవుకు వయసుతో నిమిత్తం లేకుండా ఇది వర్తిస్తుంది. ఈ చెవిపోగుల మీది 15 అంకెల సంఖ్య అమెరికా దేశసంకేతం 840తో మొదలవుతుంది.

2012లో పందుల నుంచి మనుషులకు సోకిన హెచ్3ఎన్2వి ఫ్లూ కేసులు 309 నమోదయ్యాయి. ఎక్కువమందికి ఇది వ్యవసాయ ప్రదర్శనల్లోనే అంటుకుంది. పంది ఏ దొడ్డి నుంచి వచ్చిందో వెంటనే తెలియడం పిల్లల ఆరోగ్యానికీ అవసరమని దీంతో స్పష్టమైంది.

విమర్శలు

గడువు ఒక్కరోజు దాటినా, ఒక అంకె తప్పు రాసినా పశువు అనర్హమవుతుంది. నెలల తరబడి సాకిన పిల్లవాడికి ఇది పెద్ద దెబ్బ. దూరప్రాంతాల పేద కుటుంబాలకు చెవిపోగు రుసుము, ప్రయాణం భారమన్న ఫిర్యాదూ ఉంది. గుర్తింపు ఎంత పకడ్బందీగా ఉన్నా, పశువును రోజూ కడిగి మేపింది పిల్లవాడో కూలికి పెట్టుకున్న నిపుణుడో అది చెప్పలేదు. అందుకే పలుచోట్ల పశువుకు మార్కులతోపాటు పిల్లవాడికి మౌఖిక ప్రశ్నలు, ఖాతా పుస్తకం పరిశీలన, పశువును నడిపించే నైపుణ్యపు పోటీ విడిగా పెడుతున్నారు.

తెలుగునేలతో సంబంధం

అమెరికా బ్రాహ్మన్ ఆవుల రక్తంలో నెల్లూరు (ఒంగోలు) జాతి కూడా ఉంది. గుజెరాట్, గిర్, కృష్ణాలోయ జాతుల పశువులతో కలిసి అది టెక్సస్ చేరింది. బ్రాహ్మన్ జాతికి 1924లో హ్యూస్టన్‌లో ఏర్పడిన సంఘం మంద పుస్తకాన్ని నడుపుతోంది. దాని తొలి కార్యదర్శి జె. డబ్ల్యు. సార్ట్‌వెల్లే 1930ల్లో మొదలైన హ్యూస్టన్ ప్రదర్శనకు తొలి అధ్యక్షుడూ అయ్యాడు. ఆ జాతి పెయ్యలను నేడు టెక్సస్ పిల్లలు ఇదే నమోదు పద్ధతిలో ప్రదర్శిస్తారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేసి నోరు తెరిచి చూస్తారు. ఆ తనిఖీ వయసును తేల్చగలదు, యాజమాన్యాన్ని తేల్చలేదు. భారతదేశమంతటా వేస్తున్న 12 అంకెల చెవిపోగు, అంటే పశు ఆధార్, టీకాలకు, బీమాకు, కృత్రిమ గర్భధారణకు ఉద్దేశించినది. అందులో పశువుతోపాటు యజమాని వివరమూ నమోదవుతుంది కాబట్టి, పిల్లల పశుపోషణ పోటీలు ఇక్కడ ఎవరైనా పెట్టదలిస్తే గడువు నియమాన్ని అమలుచేయడానికి కావలసిన ఆధారం సిద్ధంగానే ఉంది.