క్లౌడ్ లేని రోజుల్లో సైన్యం డేటా: నల్లమల అంచున మెకంజీ

2022 డిసెంబర్‌లో అమెరికా రక్షణ శాఖ తన డేటాను క్లౌడ్‌కి మార్చడానికి అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్‌లకు కాంట్రాక్ట్ ఇచ్చింది. మొత్తం 900 కోట్ల డాలర్ల దాకా. ఎందుకంటే డేటా తలో చోటా పడి ఉంటే కలిపి చూడటం కుదరదు. ఇదే తలనొప్పి 230 ఏళ్ల కిందట మన నల్లమల దగ్గర తిరిగిన ఒక సైనికాధికారికీ ఉండేది.

ఆయనే కాలిన్ మెకంజీ, ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఇంజనీరు. 1792లో టిప్పుతో యుద్ధం ముగిశాక నిజాం రాజ్యంలో సర్వే పని ఆయనకిచ్చారు. అప్పుడు మన వైపు కూడా నిజాం కిందే, 1800లో కంపెనీకి పోయింది. సైన్యానికి ఏం కావాలి? ఫిరంగి బండి ఏ కనుమ ఎక్కుతుంది, ఎండాకాలంలో ఏ చెరువులో నీళ్లుంటాయి. పుల్లలచెరువు వాళ్లకి నీళ్ల విలువ నేను చెప్పాలా! 1794లో ఆయన శ్రీశైలం కూడా చూశాడు.

కానీ సమాచారమంతా కరణాల కవిలెల్లో, శాసనాల్లో ఉంది. ఆయనకేమో మన భాషలు రావు. 1796లో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. ఈ దేశపు విజ్ఞానంలోకి తనకు వాకిలి తీసింది బొర్రయ్యేనని మెకంజీయే రాసుకున్నాడు. 1803లో బొర్రయ్య చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. మనుషుల్ని ఊరూరా పంపి, చరిత్రలు, మాన్యాల వివరాలు రాయించాడు. అవే కైఫియతులు. యుద్ధం కోసం మొదలైన సర్వే ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తర్వాత సరుకంతా కలకత్తా చేరింది. 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు, ఇంకా బొమ్మలు, నాణేలు. సెంట్రల్ సర్వర్ అనుకోండి.

1821లో ఆయన పోయాక కంపెనీ అదంతా లక్ష రూపాయలకు కొనేసింది. స్టోరేజ్ సరే, మరి అనాలిసిస్? ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. ఆ కాగితాలు రాయించిందే ఆయన! 1836లో ఏషియాటిక్ సొసైటీ కమిటీ ఆయనకంత సామర్థ్యం లేదని తేల్చేసింది. నాకైతే ఇది ఒట్టి అహంకారం. అప్పటికే కేటలాగ్ వేసిన విల్సన్ సంస్కృత పండితుడు, తెలుగు కాగితాలకు సహాయకుల అనువాదాలే ఆయనకు దిక్కు.

ఆ డేటా కొంత లండన్‌కి, కొంత మద్రాసుకి చీలిపోయింది. మద్రాసులో పాడైపోతున్న కైఫియతులకు మళ్లీ నకళ్లు రాయించింది సి.పి.బ్రౌన్. ఆయన కథ వచ్చే ఎపిసోడ్‌లో.