తెగిన త్రాడు, చెదరిన ఆకులు

పాఠశాలలో తెలుగు పరీక్షకు కూర్చున్నవారందఱును ఎఱిగిన ప్రశ్న ఒకటి గలదు. అయిదాఱు వాక్యములను తాఱుమాఱుగా అచ్చువేసి, వానిని క్రమములో నుంచి ఒక పేరాగా వ్రాయుమందురు. "ఆ రాజునకు ఇద్దఱు కుమారులు" అను వాక్యము మొదట నుండును. "ఒక నగరమున ఒక రాజు గలడు" అనునది నాలుగవచోట దాగియుండును. పిల్లలు దీనికి అంతగా కష్టపడరు. 'ఆ' అను చిన్న మాట వెనుకకు వ్రేలు చూపుచుండును. ఆ రాజు అనుటకు ముందు ఒక రాజు ఉండవలెను గదా! 'కావున' అనుటకు ముందు కారణముండవలెను. 'అంతట' అనుటకు ముందు ఏదో జరిగియుండవలెను.

మాకు ఈ ప్రశ్నతో వృత్తిరీత్యా కొంత చుట్టఱికము గలదు. ప్రసంగపాఠమును మైకు ముందు చదువునపుడు కాగితములను కలిపి కుట్టరాదు. పుట త్రిప్పిన చప్పుడు శ్రోతల చెవిలో పడును. అందుచే విడికాగితములనే చేతబట్టి, చదివినదానిని మెల్లగా ప్రక్కకు జరుపుచుందుము. సంఖ్య వేయని కాగితములు ఒకమాఱు చేజారినచో ఆ ప్రసంగకర్త పడు పాట్లు మేము చూచియే యున్నాము. అట్టివేళ మాకు మన పూర్వుల తాటియాకులు జ్ఞప్తికి వచ్చును.

అచ్చు రాకపూర్వము మన కావ్యములును శాస్త్రములును ఎక్కువగా ఆ యాకుల మీదనే నిలిచియుండెను. గంటముతో గీచి మసి పూసి తుడిచిన పిమ్మట అక్షరములు కానవచ్చును. ఆకులకు రంధ్రము చేసి, త్రాడు దూర్చి, క్రిందను మీదను పలకలుంచి కట్టుదురు. ఈ పుస్తకమునకు కుట్టు లేదు. ఆ త్రాడే సర్వాధారము. అది తెగినచో ఎంతటి మహాకావ్యమైనను కలిపిన పేకముక్కల చందమగును. ఇందుకొఱకే లేఖకుడు ఆకు ఎడమయంచున సంఖ్య వేయుచుండెను. కాని ఆకు తఱుచుగా మొదట విఱుగునది అంచుననే. కాపాడవలసిన గుర్తును తొలుత నశించుచోటనే ఉంచవలసి వచ్చుట ఈ విద్యలోని దురదృష్టము.

సంఖ్య పోయిన యాకులను వరుసకు తెచ్చుట యెట్లు? పదములకు నడుమ ఖాళీ లేదు, పద్యము ముగిసినచోట పంక్తి మాఱదు. అయినను పండితునకు ఛందస్సు తోడుండెను. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు. అందు 10వది యతిస్థానము. ఒక యాకు పాదములోని 8వ యక్షరముతో తెగినదనుకొందము. తరువాతి యాకు సరిగా 12 అక్షరములతో ఆ పాదమును ముగింపవలెను. వానిలో రెండవ యక్షరము పాదము మొదటి యక్షరముతో యతిమైత్రి కలిగియుండవలెను. ఆపై వచ్చు పాదములందు రెండవ యక్షరమున ఆ ప్రాసహల్లే కనబడవలెను. ఇన్ని పరీక్షలకు నిలిచి, అర్థముకూడ పొసగిన యాకు ప్రక్క యాకు కాకపోవుట అరుదు. యతిప్రాసలు కవికి సంకెళ్లని నిందించువారు గలరు. చెదరిన కట్ట ముందు కూర్చున్న పండితునకు అవియే తాళపుచెవులు.

కథాకావ్యమునకు ఇతర గుర్తులును గలవు. పద్యముల నడుమ "అనిన విని", "అట్లు పలికి" అను వచనములు వెనుకటి మాటను ముందటి మాటతో ముడివేయును. ఆశ్వాసము మొదటను చివరను కృతిపతిని సంబోధించు పద్యములుండును. రాజరాజును సంబోధించినచో నన్నయ భాగమనియు, హరిహరనాథుని సంబోధించినచో తిక్కన భాగమనియు ఆకును గుర్తింపవచ్చును. కాని ఇక్కడను ఒక జాగ్రత్త అవసరము. 11వ శతాబ్దిలో నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దిలో పూరించిన ఎఱ్ఱన, తన కృతిపతి నెవ్వరిని పేర్కొనక, రాజరాజునకే అంకితమిచ్చెను. రెండు చేతులకు ఒకే గుర్తు! వినయముకూడ పరిష్కర్తను త్రోవ తప్పింపగలదు.

ఇంతవఱకు చెప్పిన పనిలో ఒక నమ్మకము గలదు. కవి ఒక వరుసను ఏర్పఱచెను, అది చెదరినది, మరల దొరకును. పరీక్షలో వాక్యములను సర్దు బాలుని నమ్మకమును ఇదియే. ఐతే వరుసయే యెఱుగని గ్రంథము దొరకినపుడు?

అట్టి గ్రంథమే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను చేతికి వచ్చెను. ఆయన 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో మద్రాసు చేరి, 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. 1824లో ఫ్రెంచి మతాచార్యుడైన దుబాయి వ్రాసిన పుస్తకమున వేమన పేరు చూచి ఆ పద్యములకై వెదకనారంభించెను. చిల్లర పద్యములని పండితులు అంతగా సరకుసేయని వానికై ఒక దొర ఊరూర ప్రతులు సేకరించుట ఆనాడు వింతగనే తోచియుండును. ప్రతులు చేరినకొలది చిక్కు పెరిగెను. ఒకదానిలోనున్న పద్యము వేఱొకదానిలో లేదు. ఉన్నను ఆ చోట లేదు. ఇది త్రాడు తెగుటవలన గలిగిన చెదరుపాటు కాదు. వేమన పద్యము ఆటవెలది. నాలుగు పాదములలో ఆరంభమై అందే ముగియును. చివరిపాదము తఱుచుగా మకుటమగును. 'ఆ' అని వెనుకకు చూపు మాటలేదు, 'అంతట' అని ముందుకు నడపు మాటలేదు. ఏ పద్యము తరువాత ఏ పద్యమైనను రావచ్చును.

బ్రౌను పద్యములను ఏఱి, నీతి, మతము, హేళన, యోగము మున్నగు విషయములను బట్టి అమర్చి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో మద్రాసున ప్రకటించెను. పదేండ్లకు, 1839లో, 1164 పద్యములతో మఱియొక ముద్రణము వెలువడెను. ఈ శ్రమకు తెలుగువారు ఎంత కృతజ్ఞులమైనను తక్కువయే. కాని విషయవిభాగమున నొక చిక్కు గలదు. కులగర్వమును ఎత్తిపొడిచిన పద్యము హేళనలో చేరును. అన్ని దేహములందును ఒకే తత్త్వమున్నదని చెప్పిన పద్యము యోగమున చేరును. వేమనకు ఈ రెండును ఒకే మాట కావచ్చును. తత్త్వమట్లుండబట్టియే ఆ ఎత్తిపొడుపు. నడుమ 'కావున' అను మాట ఉండవలసినచోట మనము అధ్యాయమును త్రెంచితిమి.

ఇంతకంటె గట్టి చిక్కు మఱియొకటి. వేమన కాలమును గూర్చియే పండితులు ఏకీభవింపలేదు. జీవితమును గూర్చి చెప్పు సమకాలిక శాసనముగాని లేఖగాని లేదు. జనశ్రుతి మాత్రము నిండుగా గలదు. యౌవనమున వేశ్యాలోలుడై, వదినె మందలింపుచే కన్నులు తెఱచి, అభిరాముడను కంసాలి మూలమున జ్ఞానమును పొంది, స్వర్ణయోగమును దాటి దిగంబరయోగి యయ్యెనని కథ. ఈ కథ చేతబట్టుకొని పద్యముల యొద్దకు పోయినవారికి అన్నియు చక్కగా అమరును. స్త్రీలనుగూర్చిన పద్యములు తొలినాటివి. బంగారమును గూర్చినవి నడిమినాటివి. ఆత్మను గూర్చినవి కడపటివి. పిమ్మట ఆ వరుసనే చూపి, "కథ నిజమగుటకు పద్యములే సాక్ష్యము" అందురు. కథ వరుసను కూర్చినది, వరుస కథను రుజువుచేసినది! న్యాయస్థానమున ఇట్టి సాక్ష్యము ఒక్క క్షణము నిలువదు.

ఇది పండితుల కాలక్షేపపు తగవు కాదు. స్త్రీలను తూలనాడు కొన్ని పద్యములు వేమన పేర గలవు. అవి పశ్చాత్తాపపడిన విటుని తొలి పలుకులని వరుసకట్టినచో మనము క్షమింతుము. అవియే సిద్ధిపొందిన యోగి తుదితీర్పులని ఉంచినచో మనకు కనబడు వేమన వేఱు. అసలు అవి ఆయనవే కావని, మకుటము తగిలించి ఎవరో చేర్చినవని తీసివైచినచో మూడవ వేమన తయారగును. పద్యములోని అక్షరమొక్కటియు మాఱలేదు. చోటు మాత్రమే మాఱినది. ఇరువదియేండ్లవాడు వైరాగ్యమును పలుకడా? ఏబదియేండ్లవాడు మోహమును నెమరువేయడా? మనుష్యుని బ్రతుకు అధ్యాయముల క్రమమున నడచునని ఎవరు చెప్పిరి? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి 'వేమన' ఉపన్యాసములు 1929లో గ్రంథముగ వెలువడిన నాటినుండియు విమర్శకులు ఈ చిక్కులతో పెనగులాడుచునే యున్నారు.

అకారాదిక్రమమున కూర్చిన వేమన ముద్రణములును గలవు. ఒకప్పుడు మేము వీనిని చూచి, ఇది నిఘంటువా పద్యసంపుటియా అని నవ్వుకొన్నవారమే. ఇప్పుడు మాకు ఆ పద్ధతియందు గౌరవము కలిగినది. అక్షరక్రమము ఎవరి జీవితమును కల్పింపదు. అది కేవలము వెదకుటకు వీలైన సౌకర్యమని చదువరికి తెలియుచునే యుండును. ఐనను మన మనస్సు ఊరకుండునా! అల్పుని ఆడంబరపుమాటలను కంచుమ్రోతతో పోల్చిన పద్యమును, అనగా అనగా రాగము కుదురునను పద్యమును 'అ'కారమున ఒకచోటనే చదివినపుడు, మ్రోగినదెల్ల రాగము కాదనుచున్నాడేమోయని మేమొకనాడు ముచ్చటపడితిమి. ఆ సంబంధమును కల్పించినది వేమన కాదు, వర్ణమాల.

తెలుగునాట తరతరములుగ ఈ పద్యములను పిల్లలు నేర్చినది పుస్తకపు వరుసలో కాదు. ఇంటిలో అవ్వయో, బడిలో పంతులుగారో సమయమునకు తగిన పద్యము నందుకొందురు. పిల్లవాడు బడాయి పలికిననాడు కంచుపద్యము; చదువనని మొఱాయించిననాడు రాగపు పద్యము. మాకు మొదట వచ్చినది ఉప్పుకప్పురముల పద్యము. రెండవది ఏదియో ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి వచ్చుటలేదు.