లూజింగ్ మై రిలిజియన్: పల్లవి లేని హిట్

‘లూజింగ్ మై రిలిజియన్’ అమెరికన్ రాక్ బృందం ఆర్‌.ఈ.ఎం. 1991 ఫిబ్రవరి 19న విడుదల చేసిన సింగిల్. ‘అవుట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ నుంచి అన్నిటికంటే ముందు బయటికి వచ్చిన పాట ఇదే. నిడివి దాదాపు నాలుగున్నర నిమిషాలు. ఇదీ పల్లవి అని వేలు పెట్టి చూపించగల భాగం ఇందులో లేదు. రాక్ పాటల్లో పెత్తనమంతా ఎలక్ట్రిక్ గిటార్‌ది కాగా, ఇక్కడ మాండొలిన్ ముందుకొచ్చి కూర్చుంది. రేడియోలో మోగే పాటకు ఉండాల్సిన లక్షణాలు ఇన్ని లోపించినా, బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది. అమెరికాలో ఆ బృందానికి అంతకు మించిన హిట్ మళ్లీ రాలేదు.

ఆర్‌.ఈ.ఎం. 1980లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్లో మొదలైంది. మైకేల్ స్టైప్ గాయకుడు, పీటర్ బక్ గిటారిస్టు, మైక్ మిల్స్ బేస్ గిటార్, బిల్ బెర్రీ డ్రమ్స్. బాణీ ఎవరికి తట్టినా పాట కింద నలుగురి పేర్లూ వేసుకోవడం వీళ్ల ఆనవాయితీ. పెద్ద స్టేషన్లు పట్టించుకోని ఇలాంటి బృందాలకు ఆ దశాబ్దంలో విద్యార్థులు నడిపే కాలేజీ రేడియోలే దిక్కు. ఆల్టర్నేటివ్ రాక్ అనే వర్గానికి పునాది పడింది అక్కడే. అలాగని 1991 నాటికి వీళ్లు అనామకులేమీ కారు. ‘ది వన్ ఐ లవ్’ 1987లో తొమ్మిదో స్థానానికి, ‘స్టాండ్’ 1989లో ఆరో స్థానానికి చేరాయి. 1988లో చిన్న కంపెనీ ఐ.ఆర్‌.ఎస్‌.ను వదిలి వార్నర్ బ్రదర్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. చిన్న గదిలో పెరిగిన బృందం పెద్ద సంస్థకు వెళ్లి చెడిపోతుందేమోనన్న అనుమానం పాత అభిమానుల్లో లేకపోలేదు.

‘గ్రీన్’ ఆల్బమ్ కచేరీల కోసం 1989లో అధిక భాగం ఊరూరా తిరిగాక, నలుగురికీ తమ వాద్యాల మీదే మొహం మొత్తింది. ఒకరి వాద్యం ఇంకొకరు అందుకున్నారు. బెర్రీ బేస్ పట్టుకున్నాడు, మిల్స్ ఆర్గన్ ముందు కూర్చున్నాడు. బక్ ఒక మాండొలిన్ కొని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. టీవీ చూస్తూ, టేపు తిరుగుతుండగా సాధన చేసేవాడు. అలా వాయించిన మర్నాడు ఒకసారి ఆ టేపు వేసి వింటే, కొత్త విద్యార్థి తడబాట్ల మధ్యలో ఈ పాట బాణీ వినిపించింది. దాని తర్వాత మళ్లీ తడబాట్లే. చేతిలో గిటార్ ఉండి ఉంటే ఆ స్వరాలు అలా కూడేవి కావేమోనని బక్ తర్వాత చెప్పాడు.

మాండొలిన్ అనగానే తెలుగువారికి పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకొస్తారు. జంట తీగలు తీసి ఒంటి తీగలు పెట్టి, విద్యుత్ జోడించి, కర్ణాటక గమకాలన్నీ దాని మీద పలికించిన విద్వాంసుడు ఆయన. బక్‌ది అందుకు పూర్తిగా అవతలి ఒడ్డు. అతను వాద్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, నేర్చుకునేవాడికి అందే కొద్దిపాటి కార్డ్‌ల మధ్యే తిరిగాడు. అవీ ఎక్కువగా మైనర్ కార్డ్‌లు. ఒకదాని నుంచి ఇంకోదానికి జారుతూ, ఎక్కడా పూర్తిగా కుదుటపడని ఆ నడకే పాటకు దిగులు తెచ్చిపెట్టింది. విద్వత్తు కొరవడిన చోట పుట్టిన బాణీలకు ఉండే బిగువు ఇందులో స్పష్టంగా వినిపిస్తుంది.

1990 జులైలో ఏథెన్స్‌లోని స్టూడియోలో ‘షుగర్ కేన్’ అనే తాత్కాలిక పేరుతో మాటల్లేని నమూనా ఒకటి తయారైంది. అసలు రికార్డింగ్ సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో జరిగింది. బృందంతో పాటు స్కాట్ లిట్ నిర్మాత. మాండొలిన్‌ది పైస్థాయి శబ్దం, బేస్‌ది అడుగు శబ్దం; నడుమ భాగం బోసిపోయింది. దాన్ని నింపడానికి గిటారిస్టు పీటర్ హోల్సాపుల్ చేత అకూస్టిక్ గిటార్ వాయించారు. బేస్ వరస దొరక్క తంటాలు పడిన మిల్స్, ఫ్లీట్‌వుడ్ మాక్ బృందంలోని జాన్ మెక్‌వీ ధోరణిని తలచుకుని ఒకటి అల్లాడు. స్టైప్ గాత్రం ఒకే టేకులో పూర్తయింది. అక్టోబరులో అట్లాంటా సింఫనీ ఆర్కెస్ట్రా వాద్యకారులు తంత్రీ వాద్యాలు చేర్చారు. ఆ వాద్య రచన మార్క్ బింగమ్‌ది.

పేరు చూసి ఇది మతం మీద తిరుగుబాటు పాట అనుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అమెరికా దక్షిణాది వాడుకలో ఆ మాటకు ఓపిక నశించడం, నిగ్రహం కోల్పోవడం అని అర్థం. స్టైప్ రాసింది ఎదుటివారికి తెలియని, లేదా బదులు రాని ప్రేమ గురించి. తను ఎక్కువ చెప్పేశానా, తక్కువ చెప్పానా అని సతమతమయ్యే బిడియస్థుడు ఇందులో మాట్లాడతాడు. తొలి చిత్తుప్రతిలో అతన్ని వంటగదిలో నిలబెట్టిన స్టైప్, తర్వాత స్పాట్‌లైట్ వెలుగులోకి జరిపాడు. మార్పు చిన్నదే అయినా ఒంటరితనం అక్కడే గట్టిపడింది.

దీన్ని తొలి సింగిల్‌గా విడుదల చేద్దామని బృందం అంటే వార్నర్ వాళ్లు వెంటనే తలూపలేదు. చాలా రోజులు తర్జనభర్జన సాగింది. చివరికి ఒప్పుకున్నాక మాత్రం సంస్థ తెలివిగా అడుగులేసింది. ముందు కాలేజీ రేడియోలకు, ఆల్టర్నేటివ్ పాటల స్టేషన్లకు, ఆల్బమ్ రాక్ స్టేషన్లకు పంపి, అక్కడ వేళ్లూనుకున్నాక టాప్ 40 స్టేషన్ల తలుపు తట్టింది. అనుకోకుండా పుట్టిన పాట అనుకోకుండానే గెలిచిందని రాసేవారు ఈ సంగతి వదిలేస్తారు. పుట్టుక యాదృచ్ఛికమే, గెలుపు వెనక లెక్క ఉంది.

ఆ లెక్కకు అందనిది వీడియో. దర్శకుడు తర్సేమ్ సింగ్ జలంధర్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని పాసడీనాలో డిజైన్ కాలేజీలో చదువుకున్నవాడు. స్టైప్ మొదట కోరింది కెమెరా ముందు నిలబడి పాడే సాదా వీడియో. గాయని షినేడ్ ఓకానర్ ‘నథింగ్ కంపేర్స్ టు యూ’ వీడియో అతని మనసులో ఉన్న నమూనా. తర్సేమ్‌కు కావాల్సింది భారతీయ సినిమా తరహా, అంటే నాటకీయత, కలలాంటి వాతావరణం. రెండూ కలిశాయి. అంతవరకు వీడియోల్లో పెదవులు కదపడానికి ఒప్పుకోని స్టైప్ ఈసారి ఒప్పుకున్నాడు. కిటికీ గట్టు మీంచి పాల కూజా కింద పడి పగలడం రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ సినిమా నుంచి, నేల మీద పడిన ముసలి దేవదూత గాబ్రియల్ గార్సియా మార్క్వెజ్ కథ నుంచి, చీకట్లోంచి పుట్టే వెలుగు చిత్రకారుడు కారవాజియో చిత్రాల నుంచి వచ్చాయి. బాణాలు దిగిన సెయింట్ సెబాస్టియన్ పక్కనే హిందూ దేవతల దృశ్యాలూ ఉంటాయి. పౌరాణిక సినిమాల రంగుల తెరలు, కదలకుండా నిలబడే దేవతామూర్తులు అలవాటైన మన కళ్లకు ఈ మేళవింపు అంత వింతగా తోచదు. అమెరికన్ ప్రేక్షకులకు మాత్రం ఇది పూర్తిగా కొత్త. పొందికగా తీర్చిన ఆ దృశ్యాల మధ్య స్టైప్ చేతులు విసురుతూ వేసిన గందరగోళపు గంతులు ఎవరూ నేర్పినవి కావు.

1991 సెప్టెంబరులో ఎంటీవీ వీడియో అవార్డుల్లో ‘ఈ ఏటి వీడియో’తో సహా ఆరు బహుమతులు దక్కాయి. స్టైప్ ఒకదాని మీద ఒకటి వేసుకొచ్చిన టీషర్టులను వేదిక ఎక్కిన ప్రతిసారీ ఒక్కొక్కటే విప్పుతూ పోయాడు. ఒక్కో దాని మీద ఒక్కో నినాదం. 1992 గ్రామీల్లో ఈ పాటకు ఉత్తమ పాప్ బృంద గానం, ఉత్తమ లఘు వీడియో పురస్కారాలు వచ్చాయి. ఆల్బమ్ అమెరికా, బ్రిటన్ రెండు చోట్లా మొదటి స్థానం పట్టింది. సింగిల్ మాత్రం బ్రిటన్‌లో పంతొమ్మిది దగ్గర ఆగింది.

విచిత్రమేమిటంటే, ఇంత జరుగుతున్నా బృందం కచేరీ యాత్రకు వెళ్లలేదు. ఎంటీవీ అన్‌ప్లగ్డ్ వంటి కొద్ది కార్యక్రమాల్లో మాత్రమే కనిపించారు. 1991 సెప్టెంబరులోనే నిర్వాణా బృందం ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చి ఆల్టర్నేటివ్ రాక్ కథంతా తన పేరు మీద రాయించుకుంది. ఈ పాటతో ఆ తలుపు కొన్ని నెలల ముందే తెరుచుకుని ఉందన్న సంగతి తర్వాతి చరిత్రల్లో వెనక్కి పోయింది. గిటార్ల హోరుకు ఉండే నాటకీయత మాండొలిన్‌కు లేకపోవడమే అందుకు కారణం కావచ్చు.

తర్సేమ్ తర్వాత సినిమాలకు మళ్లి ‘ది సెల్’, ‘ది ఫాల్’ తీశాడు. 1995లో గాయని టోరీ ఆమోస్ ఈ పాటను ‘హయ్యర్ లెర్నింగ్’ సినిమా కోసం నెమ్మది గతిలో పాడింది. బెర్రీ 1997లో బృందం నుంచి తప్పుకున్నాడు. 2011లో బృందమే ముగిసింది. 2022లో ఈ వీడియో యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటింది. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కార సభలో, ఏళ్ల తరబడి కలిసి వాయించని నలుగురూ ఒకే వేదిక ఎక్కారు. వాయించింది ఒక్క పాటే, ఇదే.