దయ్యపు కథలు - వినువారి తీర్పు

రామతీర్థమున శ్రీరామచంద్రుని సేవింపబోవు యాత్రికులకు ఆ చెంతనే గురుభక్తులకొండ కానవచ్చును. దానిపై బౌద్ధుల స్తూపవిహారముల శిథిలములు కలవు. 1910-11లో అలెగ్జాండరు రీ దొర అచట త్రవ్వకములు జరిపించెను. అహింసను, దానమును బోధించిన ఆ మతమువారు దయ్యపు కథలనుగూడ సంపుటముగా కూర్చిరనిన పలువురకు వింతగా తోచవచ్చును. పాలీ వాఙ్మయమున ‘పేతవత్థు’ అను గ్రంథము కలదు. అది నాలుగు వర్గములు, 51 కథలు గల కూర్పు. ఆకలిచే కృశించిన ప్రేతము కంటబడగనే మునియో బంధువో పారిపోక, ఈ దుర్దశ నీకేల కలిగెనని దానినే అడుగును. అది తాను బ్రతికియున్నప్పటి లోభమునో దుర్భాషణమునో చెప్పుకొనును. పలుచోట్ల బ్రతికియున్నవారు దాని పేర దానము చేయుదురు. దాని బాధ తీరును.

నేడు జపాను, కొరియా, థాయిలాండు దేశములనుండియు, మన దేశమునుండియు, పెక్కు దయ్యపు కథలను ఒక్కటిగా గూర్చిన చలనచిత్రములు వెలువడుచున్నవి. వీనిని పిల్లలు చూడవచ్చునా, ఇవి మూఢవిశ్వాసమును పెంచవా యని చదువుకొన్న గృహస్థులు శంకించుచున్నారు. శంక సహేతుకమే. కాని భయము కలుగుట ఒక్కటియే దోషమని మేము తలపము. ఆ భయము వినువానిని ఏమి అడుగుచున్నదో విచారింపవలెను. ఈ విచారమునకు పూర్వకథలే మనకు తోడ్పడును.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున బేతాళుని కథలు ఇరువదియైదు కలవు. శ్మశానము, చీకటి, భుజముపై శవము: ఇంతకంటె భయంకరమైన రంగము వేరొకటి కలదా? అయినను త్రివిక్రమసేన మహారాజునకు భయపడుటకు తీరిక లేదు. ఏలయన శవములోని బేతాళుడు కథ చెప్పి తీర్పు అడుగుచున్నాడు. చనిపోయిన కన్యయొక్క బూడిదపై ఒకడు శయనించెను. ఒకడు ఎముకలను గంగకు కొనిపోయెను. ఒకడు మంత్రము నేర్చి ఆమెను బ్రతికించెను. ఆమె ఎవ్వనికి భార్య? బ్రతికించినవాడు తండ్రివంటివాడు, ఎముకలు కొనిపోయినవాడు కొడుకువంటివాడు, బూడిదను విడువనివాడే భర్త యని రాజు తీర్పు. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన శవము మరల చెట్టెక్కును. 1947లో మద్రాసున పుట్టిన ‘చందమామ’ పత్రిక పిమ్మట ఈ చట్రమునందే కొత్త కథలను బిగించి ఏండ్ల తరబడి ప్రకటించెను. బేతాళుని ప్రశ్న రాగానే పుస్తకము మూసి తమ తీర్పు తాము చెప్పుకొన్న తెలుగు పిల్లలు ఎందరో!

జపానులో ఎదో కాలమున నూరు కథల గోష్ఠి యను వినోదముండెడిది. ఒక్కొక కథ ముగియగనే ఒక్కొక దీపము ఆర్పుదురు; చీకటి క్రమముగా చిక్కబడును. లాఫ్కాడియో హెర్న్ సేకరించిన కథలలో నాల్గింటిని తీసికొని మసాకీ కోబయాషి 1964లో ‘క్వాయిదాన్’ అను చిత్రము నిర్మించెను. అందు హోయిచి యను గ్రుడ్డి గాయకుని కథ కలదు. 1185లో దన్‌నోఉరా సముద్రయుద్ధమున నశించిన హైకే వంశమువారి ప్రేతములు అతనిని పిలిపించుకొని తమ ఓటమినే పాడించుకొని ఏడ్చును. ఇచట దయ్యములే శ్రోతలు! వానిని చూచి మనకు కలుగునది భయమా, జాలియా యని చెప్పుట కష్టము.

మన ప్రాంతమున ఈ భయమునకు మరియొక చికిత్స జరిగినది. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1909లో పెంచి ప్రకటింపబడిన ‘కన్యాశుల్కము’లో గురజాడ అప్పారావుగారు పూజారి గవరయ్యచేత దయ్యమును సీసాలో బిగింపించిరి. పెండ్లికూతురు మాయమైనందున ఇంటివారు వణకుచుండ, ఆమె ఆడువేషము వేసిన బాలుడని ఎరిగిన ప్రేక్షకులు నవ్వుచుందురు. నిజము తెలిసినవానికి దయ్యము నవ్వులాట యగునని వేయి ఉపన్యాసములు చేయలేని బోధ ఆ నవ్వు చేసెను.

ఇక నేటి చిత్రములు. తెలుగువాడైన రాంగోపాలవర్మ నిర్మాతగా 2003లో వెలువడిన హిందీ చిత్రము ‘డర్నా మనా హై’లో అడవిలో చిక్కుపడిన మిత్రులు ఆరు కథలు చెప్పుకొందురు. 2004లో హాంకాంగు, కొరియా, జపాను దర్శకులు మువ్వురు ఒక్కొక కథ తీసి ‘త్రీ ఎక్స్‌ట్రీమ్స్’ను కూర్చిరి. వీనిలో బేతాళునివలె తీర్పు అడుగువాడు లేడు. అయినను ప్రేక్షకుడు ఊరకుండడు. కథ చిన్నది, త్వరగా ముగియును. అంతవరకు ఊపిరి బిగబట్టినవాడు పక్కవానిని చూచి నవ్వును. రెండవదానికంటె మొదటిదే బాగున్నదనును. ఆ స్త్రీకి అంత శిక్ష తగునా యని వాదించును. ఒకే దీర్ఘకథలో పేరుకొనుచు పోవు భయమునకు ఇందు నడుమనడుమ విరామము దొరకును; ఆ విరామమున బుద్ధి మేల్కొనును. సంపుటమునకు గల గుణము ఇదియే.

ఆ బుద్ధి మేల్కొననిచో ఏమగును? ఉత్తరాంధ్ర పల్లెలలో, మన్యములో చిల్లంగి పెట్టినారను అనుమానముతో మనుష్యులను కొట్టుట, చంపుట నేటికిని వార్తలకెక్కుచున్నది. పొరుగున ఒడిషా ప్రభుత్వము ఇట్టి ఘోరములను అణచుటకు 2013లో ప్రత్యేక శాసనమునే చేయవలసివచ్చెను. జ్వరము తగ్గని బిడ్డ, కాపు తప్పిన తోట, ఒంటరిగా నున్న ముసలమ్మ: ఈ మూడింటిని ముడివేయుటకు చలనచిత్రము అక్కరలేదు. ప్రశ్న అడుగని భయము చాలును. ‘పేతవత్థు’లోని ముని ప్రేతమునైనను అడిగి తెలిసికొనెను, మనవారు సాటి మనుష్యుని మాటయైనను వినకయే శిక్షింతురు.

కావున చదువరులారా, పిల్లలకు దయ్యపు కథలను నిషేధింపుడని మేము చెప్పము. వారి వయస్సునకు తగినవి ఎంచుడు. వారితో కూర్చుండి చూడుడు. చిత్రము ముగిసిన పిమ్మట దీపము వెలిగించి, ఇందు తప్పెవరిది, నీవైన ఏమి చేసియుందువని అడుగుడు. మన ఊరిలో ఎవరినైన ఇట్లే అనుమానించిన నీవేమందువని గూడ అడుగుడు. ఆ కడపటి ప్రశ్నకు పిల్లవాడు చెప్పు ఉత్తరముమీదనే ఒక ముసలమ్మ ప్రాణము ఒకనాడు ఆధారపడవచ్చును.