శిబిరములో పెద్దన్న

కౌన్సిలరు అనగానే మన యిండ్లలో పురపాలక సంఘపు సభ్యుడు స్ఫురించును. వీధి దీపము వెలుగలేదనియు, కుళాయి రాలేదనియు మొరపెట్టుకొనుటకు మనము పోవునది ఆయన యొద్దకే. అమెరికా దేశమున ఈ మాట వినబడినప్పుడు పిల్లలకు వేరొక మనిషి గుర్తునకు వచ్చును. అచ్చట వేసవిలో పదునెనిమిది, ఇరువది యేండ్ల విద్యార్థి యొకడు అడవిలోని కొయ్యయింటిలో ఎనమండుగురు పిల్లలకు తోడుగా పండుకొనును. వారిని నిద్ర లేపుట, పండ్లు తోమించుట, ఈతకు తీసికొనిపోవుట, తగవులు తీర్చుట, రాత్రి దీపపు వెలుగున బైబిలు చదివి వినిపించుట, ఇంటిపై బెంగతో ఏడ్చు పిల్లవాని ప్రక్కన కూర్చుండుట—ఇవి యాతని పనులు. బాలికల శిబిరములలో ఈ పనులన్నియు ఒక అమ్మాయి చేయును. వీరిని కౌన్సిలర్లు అందురు. మన భాషలో 'పెద్దన్న', 'పెద్దక్క' యనుట సమంజసమని మాకు తోచుచున్నది. ఈ పెద్దన్న ఎచ్చటినుండి వచ్చెను? పరుల బిడ్డలను అతని చేతికి అప్పగించు ఆచారము ఎట్లు కలిగెను? ఆ నమ్మకము ఎప్పుడు నిలిచెను, ఎప్పుడు చెడెను? ఈ ప్రసంగమున ఆ కథను చెప్పదలచితిమి.

మనకు వేసవి యనిన తప్పించుకొనవలసిన కాలము. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పుదురు. మిట్టమధ్యాహ్నము పిల్లలను గడప దాటనీయము. అమెరికా ఉత్తర భాగములందలి వారికి వేసవి ఎదురుచూచు కాలము. నెలల తరబడి గడ్డకట్టియున్న సరస్సులు అప్పటికి ఈతకు అనువగును. బడులకు దీర్ఘమైన సెలవులు వచ్చును. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ దేశములో పట్టణములును, కర్మాగారములును వేగముగా పెరిగినవి. పల్లెలో తండ్రికి పొలము పనులలో తోడ్పడుచుండిన బాలునికి పట్టణమున వేసవి యంతయు చేయదగిన పని లేకపోయెను. ఈ ఖాళీ నెలలను గూర్చిన దిగులు ఉపాధ్యాయులకును, మతాచార్యులకును సమానముగా కలిగినది. శిబిరములకు అదియే మూలము.

కనెక్టికట్ రాష్ట్రమున వాషింగ్టన్ అను చిన్న ఊరిలో ఫ్రెడరిక్ విలియమ్ గన్ అను ఉపాధ్యాయుడు బడి నడపుచుండెను. బానిసత్వమును బాహాటముగా ఎదిరించిన మనిషి. 1861లో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. సైనికులవలె డేరాలలో పండుకొనవలెనని పిల్లలు ముచ్చటపడగా, ఆయనయు, భార్య అబిగెయిలును బడినంతటిని వెంటబెట్టుకొని, సుమారు 40 మైళ్ళు నడిపించి, మిల్‌ఫర్డ్ సముద్రతీరమున కొన్ని దినములు విడిది చేయించిరి. క్రమబద్ధమైన బాల శిబిరములకు ఆ దేశమున ఇదియే మొదలని పలువురు చెప్పుదురు. అచ్చట పెద్దన్నలు లేరు. పంతులుగారును, పంతులమ్మగారును ఉండిరి.

క్రైస్తవ సంఘములు ఈ పనికి పూనుకొనుటకు ఎంతో కాలము పట్టలేదు. 1874లో ఫిలడెల్ఫియా నగరపు యువతీ క్రైస్తవ సంఘము, అనగా వై.డబ్ల్యు.సి.ఎ., న్యూజెర్సీ తీరమునందలి ఆస్బరీ పార్కులో 'సీ రెస్ట్' అను విడిదిని ఏర్పరచినది. విశ్రాంతి యన్నది ఎరుగక కూలికి పనిచేయు యువతులకై ఏర్పడిన విడిది అది. 1880లో జార్జి హింక్లీ అను పాస్టరు తన సంఘమునందలి ఏడుగురు బాలురను రోడ్ ఐలండ్ రాష్ట్రమునకు శిబిరమునకై కొనిపోయెను. ఉదయము ప్రార్థనయు, పాఠమును. మధ్యాహ్నము ఈతయు, బంతియాటయు. సాయంకాలము పాటలును, ముచ్చటలును. నేటికిని క్రైస్తవ శిబిరముల దినచర్య ఈ మూడు భాగములుగనే నడచుచున్నది.

ఆ మరుసటి యేడు, అనగా 1881లో, డార్ట్‌మత్ కళాశాల విద్యార్థి యగు ఎర్నెస్ట్ బాల్చ్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున ఒక సరస్సులోని దీవిపై 'చొకోరువా' శిబిరమును స్థాపించెను. ధనికుల బిడ్డలు వేసవి యంతయు తలిదండ్రుల వెంట విలాసవంతమైన హోటళ్ళలో సోమరులై చెడిపోవుచున్నారని ఆయన బాధ. అందుచేత ఆ దీవిపై నౌకరులు లేరు. వంటయు, గిన్నెలు తోముటయు, పడవల మరమ్మతును పిల్లలే చేసికొనవలెను. ఆదివారము చెట్లక్రింద ప్రార్థన జరుగుచుండెను. శిబిరము 1889తో ముగిసినది. ఆ దీవిపై ఆరాధన మాత్రము నేటికిని వేసవి ఆదివారములందు జరుగుచునే యున్నది. మా కథకు ముఖ్యమైన సంగతి యేమనగా, బాల్చ్ పంతులు కాడు, పాస్టరు కాడు. ఆ పిల్లలకంటె కొలది యేండ్లు పెద్దవాడగు విద్యార్థి. పెద్దన్న పోలికలు మొదట మాకు ఆయనయందే కనబడుచున్నవి.

లండన్ నగరమున బట్టలకొట్టు ఉద్యోగి యగు జార్జి విలియమ్స్ 1844లో నెలకొల్పిన వై.ఎమ్.సి.ఎ. అప్పటికే అమెరికా పట్టణములలో వేళ్ళూనియుండెను. 1885లో ఆ సంఘపు కార్యకర్త సమ్నర్ డడ్లీ ఏడుగురు బాలురను న్యూయార్క్ రాష్ట్రమున న్యూబర్గ్ సమీపమందలి ఆరెంజ్ సరస్సు ఒడ్డునకు తీసికొనిపోయెను. దానికి 'బోడితల శిబిరము' అని వినోదపు పేరు పెట్టుకొనిరి. తరువాత అది షాంప్లేన్ సరస్సు తీరమునకు మారినది. 1897లో డడ్లీ మరణించగా ఆయన పేరే శిబిరమునకు వచ్చినది. ఎడతెగక నడచుచున్న బాలుర శిబిరములలో ఆ దేశమున అదియే మిక్కిలి ప్రాచీనమైనది. ఎదుటివాడు ముందు, తాను తరువాత అనునది దాని ఆదర్శము.

హింక్లీ వెంట ఏడుగురు, డడ్లీ వెంట ఏడుగురు. ఏడుగురి పేర్లు, అలకలు, ఆకలి ఒక్క మనిషి గుర్తుంచుకొనగలడు. శిబిరములు వందలమందితో నిండినప్పుడు ఆ పని యొకరివలన కాదు. కావున ఒక్కొక్క డేరాకు ఒక్కొక్క కళాశాల విద్యార్థిని నియమించు పద్ధతి స్థిరపడినది. మసాచుసెట్స్ రాష్ట్రమున బెకెట్ శిబిరమును నడపిన హెచ్. డబ్ల్యు. గిబ్సన్ 1911లో బాలుర శిబిరములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందు ఆహారమునకు, పారిశుద్ధ్యమునకు, ఆటలకు వలెనే నాయకత్వమునకును ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. డేరాలను, పడవలను కొనవచ్చును. పిల్లల మధ్య పండుకొను మనిషిని మాత్రము ఎంచుకొనవలెను. పెద్దన్నను గూర్చిన ఆలోచన ఈ విధముగా ఒక శాస్త్రముగా మొలకెత్తినది.

అందరి బిడ్డలకును ఈ శిబిరముల తలుపులు తెరచియుండలేదని కూడ చెప్పవలెను. నల్లజాతి బాలురను అనేక శిబిరములు చేర్చుకొనలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ నగరపు పాస్టరు విలియమ్ డిబెరీ 1921లో తన జాతి పిల్లలకై మసాచుసెట్స్‌లోని ఈస్ట్ బ్రూక్‌ఫీల్డ్ వద్ద ఒక శిబిరమును స్థాపించెను. అది ఆట్‌వాటర్ శిబిరమని ప్రసిద్ధి. క్రీస్తు పేరిట వెలసిన చెరువు గట్టున కూడ రంగును బట్టి పిల్లలను వేరుచేసిన కాలమది.

ఇక పెద్దన్న పనిని కొంత వివరింతుము. అమెరికా శిబిర సంఘపు ప్రమాణముల ప్రకారము రాత్రి బసచేయు శిబిరములలో ఆరు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వారు ఎనమండుగురికి ఒకరు, పదునైదు మొదలు పదునెనిమిదేండ్ల వారు పదిమందికి ఒకరు చొప్పున పెద్దలుండవలెను. అంకెలు చిన్నవిగనే యున్నవి. ఎనమండుగురిలో ఒకడు మొదటి రాత్రి నిద్రపోడు. ఒకనికి ప్రక్క తడియును. తెల్లవారకముందే ఇతరులకు తెలియకుండ దుప్పటి మార్చవలెను. ఒకడు తల్లిదండ్రులు విడిపోయిన సంగతిని ఎవరికిని చెప్పక, చీకటిలో ఈ పెద్దన్నకే చెప్పును. ఆ దుప్పటి మార్చిన చేయియే రాత్రి బైబిలు తెరచును. పిల్లవాడు దేవుని ప్రేమను గూర్చి వినిన మాటలను ఆ చేతితోనే సరిపోల్చి చూచుకొనును. జీతము స్వల్పము, నిద్ర అంతకంటె స్వల్పము. అయినను, తాము కళాశాలలో నేర్వనిది అచ్చట నేర్చితిమని చెప్పుకొనువారు అనేకులు.

చివరి రాత్రి సంగతి వేరు. సరస్సు ఒడ్డున పెద్ద మంట వేయుదురు. పాటలు ముగిసిన పిమ్మట పిల్లలు ఒక్కొక్కరుగా లేచి, ఒక పుల్లను నిప్పులో వేసి, తమ నిశ్చయమును పలుకుదురు. ఇట్టి చోట్ల జీవితములు మలుపు తిరుగుట నిజము. హెన్రియెట్టా మియర్స్ అను ఉపాధ్యాయిని 1938లో కాలిఫోర్నియా కొండలలో నెలకొల్పిన 'ఫారెస్ట్ హోమ్'కు 1949లో ముప్పది యేండ్ల బిల్లీ గ్రహాం అను ప్రసంగీకుడు సందేహములతో వచ్చెను. ఒక రాత్రి చెట్లలో ఒంటరిగా నడచి, మొద్దుపై బైబిలు నుంచి, ప్రార్థించి, స్థిరచిత్తుడై తిరిగివచ్చెను. ఆ యేడే లాస్ ఏంజెలెస్‌లో ఆయన నడపిన సభలు ఆయనను దేశవిఖ్యాతుని గావించినవి.

కాని ఆయన పెద్దవాడు, ఒంటరిగా తేల్చుకొనెను. పదేండ్ల బాలుని మాట వేరు. వారము దినములు ఇల్లు విడిచి, నిద్ర చాలక, మంటవెలుగున చెలికాండ్రందరు కన్నీరు పెట్టుచుండగా వానికి కలిగిన నిశ్చయము వానిదేనా, గుంపుదా? పంతొమ్మిదేండ్ల పెద్దన్న దీనిని ఎట్లు తెలిసికొనగలడు? ఎందరు పుల్లలు వేసిరని లెక్కించుకొని సంతసించు శిబిరములు కలవు. తొందరపెట్టక, ఇంటికి పోయిన తరువాత వానికి ఉత్తరము వ్రాసి యోగక్షేమము లరయు పెద్దన్నలును కలరు. మా అభిప్రాయమున రెండవవారే పిల్లవానిని మనిషిగా చూచినవారు.

ఈ చరిత్రలో చీకటి పుట యొకటి యున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఇంగ్లండులో ఇ. జె. హెచ్. నాష్ అను మతాచార్యుడు పేరుపొందిన పాఠశాలల బాలురకై 1930 దశకమున శిబిరములు ఆరంభించెను. డార్సెట్ మండలమందలి యూవెర్న్ మిన్‌స్టర్ గ్రామము పేర అవి ప్రసిద్ధములు. పెద్దన్నలను అచ్చట 'ఆఫీసర్లు' అనుచుండిరి. జాన్ స్టాట్ వంటి ప్రసిద్ధ బోధకులు ఆ పరంపరలోనివారే. ఆ శిబిరములతోనే సంబంధము గల జాన్ స్మిత్ అను న్యాయవాది, 1970 దశకము మొదలుకొని, తన్ను నమ్మిన బాలురను ఆత్మశుద్ధి పేర ఇంటికి పిలిచి ఘోరముగా కొట్టుచుండెను. 1982లో నాయకులు రహస్యముగా విచారించి నిజము తెలిసికొనియు పోలీసులకు చెప్పలేదు. అతడు 1984లో జింబాబ్వే చేరి అచ్చటను శిబిరములు నడపెను. 1992లో అతని శిబిరమున ఈతకొలనులో పదునారేండ్ల బాలుడొకడు చనిపోయెను. అభియోగము విచారణ ముగియకయే వీగిపోయినది. 2017లో బ్రిటిష్ టెలివిజను ఈ విషయమును బయటపెట్టినది. స్మిత్ 2018లో శిక్ష పొందకయే మరణించెను. 2024 నవంబరులో వెలువడిన విచారణ నివేదిక, బాధితులు నూటికి పైగా నుండవచ్చునని తెలిపినది. ఆ మాసముననే కాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ పదవి విడుతునని ప్రకటించెను.

ఒక దుర్మార్గుని కథగా మాత్రమే దీనిని చెప్పుట చాలదు. శిబిరమునకు మంచి పేరుండెను. ఆ పేరు చెడునని పెద్దలు మౌనము వహించిరి. ఆ మౌనమునకు మూల్యమును వేరొక ఖండపు పిల్లలు చెల్లించిరి. కావుననే నేడు అనేక శిబిరములలో ఏ పెద్దయు ఒక బిడ్డతో ఏకాంతముగా ఉండరాదనియు, నియామకమునకు ముందు పూర్వచరిత్రను పరిశీలించవలెననియు, అనుమానము కలిగిన వెంటనే ప్రభుత్వాధికారులకు తెలుపవలెననియు నియమములు వచ్చినవి. ఈ నియమములు ప్రేమకు అడ్డమని కొందరు నొచ్చుకొందురు. బావికి గట్టు కట్టుట నీటిపై అనుమానము చేత కాదు గదా!

తెలుగునాట ఈ కథకు బంధువు ఒకటి కలదు. 1898లో న్యూయార్క్ తూర్పు భాగమున ఎలైజా హాస్ అను మహిళ, వీధులలో తిరుగు పిల్లలకై ఒక సారాకొట్టును అద్దెకు తీసికొని వేసవిలో బైబిలు పాఠములు చెప్పెను. రాబర్ట్ బోవిల్ అను పాస్టరు 1901 నుండి ఆ పద్ధతిని వ్యాపింపజేసెను. ఏప్రిల్, మే నెలలలో మన చర్చి ఆవరణలలో జరుగు వి.బి.ఎస్. తరగతులు ఆ విత్తనమునకు మొలచినవే. మన యెండలకు అడవిలో డేరాలు కుదరవు. వేపచెట్టు నీడను, పందిరిక్రింద చాపపైనను పని జరుగును. చివరి దినమున పిల్లలు పాటలు పాడుచు వీధులలో ఊరేగుదురు. బోధించువారిలో అనేకులు కళాశాల యువతీయువకులే. వారిని కౌన్సిలర్లని ఎవరును పిలువరు. పిల్లలు 'అన్నయ్యా', 'అక్కయ్యా' యనియే పిలుతురు. నూరేండ్లకు పైగా పరదేశమున గ్రంథములు వ్రాసి నిర్వచించిన ఉద్యోగమునకు మన పిల్లలు ఒక్క మాటలో పేరు పెట్టిరి.

ఆ మాట తేలికగా వచ్చును, మోయుటకు మాత్రము బరువైనది. బిడ్డను పంపు తలిదండ్రులు అచ్చట ఎవరుందురు, రాత్రి ఎవరు కాచుకొందురు అని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. మంచి శిబిరము ఆ ప్రశ్నకు కోపగించదు. అన్నయ్యగా నిలుచు యువకుడు తాను ఎందరిని మార్చితినని గాక, ఏడ్చినవాని ప్రక్కన కూర్చుంటినా యని తన్ను తాను అడుగుకొనవలెను. సెలవులు ముగిసి ఇల్లు చేరిన పిల్లవాడు మొదటి భోజనము నాడు పాఠములను గూర్చి చెప్పడు, అన్నయ్యను గూర్చి చెప్పును. ఇరువది యేండ్ల తరువాతను ఆ పేరును భయము లేక, సిగ్గు లేక చెప్పుకొనగలిగిన నాడు ఆ శిబిరము సార్థకమైనట్లే.