కోడి రోడ్డు పక్కన ఇల్లు

పోయిన నెల మా అన్న కొడుకు ఫోన్ చేసినాడు. "చిన్నాయనా, బెంగళూరు తూర్పు పక్క ఒక ఇండిపెండెంట్ ఇల్లు చూసినాము. 30 x 40 సైటు, పైన ఒక అంతస్తు, బోరు, సంపు అన్నీ ఉండాయి. ఖాతా సరిగ్గా ఉంది. రేటు కూడా ఆ చుట్టుపక్కల కంటే తక్కువే చెప్తా ఉన్నారు. రెండు లక్షలు టోకెన్ ఇచ్చేసినా. నువ్వొకసారి వచ్చి చూడు" అని. చూసి ఇవ్వాల్సింది పోయి, ఇచ్చినాక చూడమంటాడు.

అన్నిట్లో నాకు పట్టుకున్న మాట ఒకటే, రేటు తక్కువ అన్నది. మా ఇంట్లో ఒక ఇల్లు ఇంతకు ముందు ఇట్లే తక్కువకి వచ్చింది. మా కుటుంబం పాత కాగితాలు ఎందుకు లేవు అని మన పిల్లలు అడుగుతుంటారు. జవాబు ఆ ఇంట్లోనే ఉంది. అందుకని మావాళ్ళు ఈ ఊళ్ళో ఇళ్ళు ఎట్లా చూసి కొన్నారో మొదటి నుంచి రాస్తున్నాను.

మా ముత్తాత హిందూపురం పక్క నుంచి బట్టల వ్యాపారం మీద బెంగళూరు వచ్చినాడు. చిక్కపేట దగ్గర ఇల్లు. ముందర అంగడి, వెనక కాపురం, రెండు పక్కలా గోడకి గోడ. వెలుతురు కావాలంటే పైకప్పులో ఒక గవాక్షం. అప్పట్లో ఇల్లు చూడడమంటే అంగడికి ఎంత దూరం, పక్కన ఎవరున్నారు, గుడి ఉందా, అంతే. గాలి సంగతి ఎవరూ అడగలేదు.

1898 ఆగస్టులో ప్లేగు వచ్చింది. పేటలో జనం ఇళ్ళు వదిలి ఊరి బయట పొలాల్లో షెడ్లు వేసుకున్నారు. ఎలుకలు చచ్చిన ఇళ్ళకి సర్కారువాళ్ళు వచ్చి ఎండ పడేదానికి కప్పులు విప్పించినారు. బెంగళూరులో ఇప్పటికీ ప్లేగమ్మ గుళ్ళు ఉన్నాయి, ఆ భయం అంత పెద్దది. ఆ తరవాతే బసవనగుడి, మల్లేశ్వరం ఎక్స్‌టెన్షన్లు జోరందుకున్నాయి. నేరుగా గీసిన రోడ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ, వెనక పాకీవాళ్ళు వచ్చిపోయేదానికి కన్సర్వెన్సీ సందు. ఆ సందులు మల్లేశ్వరంలో ఇప్పటికీ కనిపిస్తాయి. హెసరఘట్ట చెరువు నుంచి కొళాయి నీళ్ళు ఊరికి వచ్చి కూడా అప్పటికి కొన్ని ఏండ్లే.

మా ముత్తాత మల్లేశ్వరంలో సైటు తీసుకున్నాడు. ఈసారి ఆయన చూసింది గాలి, వెలుతురు, బావి. ఇంకొకటి కూడా ఉంది, దాచాల్సిన పని లేదు: ఆ ఎక్స్‌టెన్షన్లో బ్లాకుల్ని కులాల వారీగా పంచినారు. అప్పటికి ఇరుగుపొరుగు మంచిది అంటే అర్థం అదే. మిద్దె ఇల్లు, మంకీ టాప్ కిటికీలు, చుట్టూ కాంపౌండు. వీధి మిట్టన ఉంది. మిట్ట అని ఆయన తెలిసి ఎంచుకోలేదు, గీసినవాళ్ళు గీసినారు, ఆయనకి దొరికింది. డెబ్బై ఏండ్లకి పైగా ఆ ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. మా తాత పుట్టి పెరిగింది అక్కడే. నీళ్ళు ఇంట్లోకి వస్తాయి అన్న ఊహే ఆయనకి లేకుండా పోయింది.

ఇక్కడ ఊరి గురించి కొంచెం చెప్పాలి. బెంగళూరుకి పెద్ద నది లేదు. ఎత్తున ఉన్న ఊరు, పడిన వాన మూడు పక్కలకి జారుతుంది: వృషభావతి లోయ, కోరమంగల చల్లఘట్ట లోయ, హెబ్బాళ లోయ. పాతకాలంవాళ్ళు ఆ లోయల పొడుగునా చెరువులు కట్టినారు. ఒక చెరువు నిండితే నీళ్ళు పొర్లి రాజకాలువ మీదుగా కింది చెరువులోకి పోతాయి. మన అనంతపురం, చిత్తూరు చెరువుల గొలుసులు ఎట్లాంటివో ఇదీ అట్లాంటిదే. ఊరు పెరిగేకొద్దీ చెరువులు పోయినాయి. ధర్మాంబుధి చెరువు మీద ఈనాడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. సంపంగి చెరువు మీద కంఠీరవ స్టేడియం ఉంది, కరగ ఉత్సవానికి మాత్రం పక్కన చిన్న గుంట మిగిల్చినారు. చెరువు పూడ్చినంత మాత్రాన వాన ఆగదు కదా, నీళ్ళు ఆ దోవనే వస్తాయి.

1974లో కావేరి నీళ్ళు మొదటిసారి బెంగళూరుకి వచ్చినాయి. ఊరి చుట్టూ లేఔట్లు పుట్టగొడుగుల్లా లేచినాయి. ఆ సమయంలోనే మా ఇంట్లో భాగాలు పంచుకున్నారు. మా తాత తన భాగం డబ్బుతో దక్షిణం పక్క ఒక ప్రైవేటు లేఔట్లో కట్టిన ఇల్లు కొన్నాడు.

ఆయన చూడకుండా కొనలేదు. నాలుగు సార్లు పోయి వచ్చినాడు. మూల పత్రం చదివించినాడు. లాయరుకి చూపించినాడు. తూర్పు వాకిలి. సిద్ధాంతి వచ్చి నీళ్ళు ఈశాన్యంలో ఉండాలని తొట్టి చోటు మార్పించినాడు. పక్కింట్లో చిత్తూరు వాళ్ళు, ఎదురింట్లో మదనపల్లె వాళ్ళు, అంతా మన భాషే. మా అవ్వకి అది చాలు. రేటు అడిగినదానికంటే తగ్గింది కూడా.

ఆ నాలుగు సార్లూ పోయింది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. నేల ఎండి ఉంది. వీధి చివర రోడ్డుని ఊరివాళ్ళు కోడి రోడ్డు అనేవాళ్ళు. మావాళ్ళు కోళ్ళు పెంచేవాళ్ళు ఉన్నారేమో అనుకున్నారు. మా నాయన అప్పటికి కాలేజీ పిల్లోడు, "కోడి కూసే ముందే లేవాల నాయనా ఈ వీధిలో" అని నవ్వేవాడట. కన్నడంలో కోడి అంటే చెరువు నిండి పొర్లే చోటు. మనం అలుగు అంటాము, సీమలో మరవ అంటారు. మూడు తరాలు బెంగళూరులో ఉన్న కుటుంబం! అయినా మాకు వచ్చింది అంగడి కన్నడం. గజం ఎంత, బాకీ ఎప్పుడు, ఆ కన్నడంలో చెరువు మాటలు లేవు.

ఇప్పుడు తలుచుకుంటే ఇల్లు అన్నీ చెప్తానే ఉండింది. ఆ వీధిలో అందరికంటే పాత ఇంటికి అయిదు మెట్లు, మా ఇంటికి ఒకటే. ఎండాకాలంలో కూడా వెనక పచ్చగడ్డి. బావిలో చెయ్యి పెడితే అందేంత పైన నీళ్ళు, అది చూసి మా అవ్వ సంతోషపడింది.

ఆ అక్టోబరులో రెండు రోజులు వాన పట్టింది. రెండో రాత్రి పైన చెరువు కోడి పడింది. నీళ్ళు ముందు వాకిలి నుంచి కాదు, బచ్చలింటి తూములోంచి పైకి వచ్చినాయట. తెల్లారేసరికి నడుము లోతు. మనుషులందరూ పక్కింటి మిద్దె మీదికి ఎక్కినారు. నడింట్లో కింద పెట్టిన భోషాణంలో ముత్తాత లెక్కల పుస్తకాలు, హిందూపురం నుంచి వచ్చిన ఉత్తరాలు, పెండ్లి పత్రికలు, వంశం పేర్లు రాసిన నోటు పుస్తకం ఉండినాయి. మా తాత మూడు రోజులు వాటిని ఎండలో ఆరేసినాడు. సిరా అంతా కలిసిపోయింది. ముత్తాతకి ముందువాళ్ళ పేర్లు ఈరోజు మాకు తెలియవు. అవ్వకి గుర్తున్నవి రెండు చెప్పింది, అవి సరో కాదో కూడా రూఢి లేదు.

ఇల్లు రెండేండ్లకి అమ్మేసినారు. కొన్నవాళ్ళకి నీళ్ళ సంగతి మా తాత చెప్పినాడా? నేను అడిగినప్పుడు మా నాయన మాట మార్చినాడు.

సరే, పిల్లవాడి ఇల్లు. పోయినాను. పత్రాలు బాగానే ఉన్నాయి, 30 ఏండ్ల ఈసీ తీసినాడు. అయితే ఈసీ అమ్మకాలు, అప్పులు చెప్తుంది, నేల సంగతి చెప్పదు. ఖాతా పన్ను కట్టే లెక్క, హక్కు పత్రమే కాదు. నేను ముందు ఊరి పేరు అడిగినాను. చివర "సంద్ర" ఉంది. సంద్ర అంటే సముద్రం, అంటే పెద్ద చెరువు, మన బుక్కరాయసముద్రంలో ఉన్న సముద్రమే. పేరు ఒక్కటే చూసి వద్దనలేము, మిట్ట మీద కూడా ఆ ఊరి ఇళ్ళు ఉంటాయి. పిల్లవాడు ఫోన్లో దిశాంక్ తెరిచి సర్వే నంబరు చూపించినాడు. సర్కారు పటంలో కాలువ గీత ఈ వీధి వెనకనే పోతా ఉంది. వెనక్కి పోయి చూస్తే కాలువ లేదు, సిమెంటు పలకలు పరిచి కార్లు నిలిపినారు.

ఇంట్లోకి పోయినాము. కింది అంతస్తులో మోకాలి ఎత్తు వరకు కొత్త రంగు, పైన పాత రంగు. ప్లగ్ పాయింట్లు అన్నీ భుజం ఎత్తున. సంపు మూతకి చుట్టూ అడుగున్నర గోడ. గేటు రెండు పక్కలా పలక దించేదానికి గాడి. ఇంటాయన మర్యాదస్తుడే, కాఫీ ఇచ్చినాడు, "వానకి కొంచెం నీళ్ళు నిలుస్తాయి సార్, అందరికీ ఉన్నదే" అన్నాడు.

వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన దగ్గర ఆగినాను. నీళ్ళు వస్తాయా అని అడగలేదు, అట్లా అడిగితే లేదంటారు. "2022లో ఎంతవరకు వచ్చింది?" అని కన్నడంలో అడిగినాను. ఆ సెప్టెంబరులో తూర్పు బెంగళూరులో ఆఫీసులకి ట్రాక్టర్ల మీద పోయినారు, అందరికీ గుర్తుంటుంది. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేత్తో తొడ చూపించినాడు.

పిల్లవాడు కారులో చానా సేపు మాట్లాడలేదు. తరవాత, "రేటు ఇంకా తగ్గించమని అడిగితే?" అన్నాడు. వాడి భార్య వెనక సీటులోంచి, "తగ్గించి కొని, ఎవరికి అమ్ముతావు?" అనింది. ఆ మాట మా నాయన విని ఉంటే బాగుండు అనిపించింది.

టోకెన్ డబ్బు ఇంకా తిరిగి రాలేదు, వస్తుందన్న నమ్మకం కూడా పెద్దగా లేదు. ఉత్తరం పక్క ఇంకొక ఇల్లు చూసి పెట్టినారు, కొంచెం పాతది, రేటు ఎక్కువ. ఈ ఆదివారం వాన పడితే చూడ్డానికి పోతాము. పడకపోతే పడేదాకా ఆగుతాము.